గుండెలో కత్తి... చేతిలో టీ కప్పు

మెట్రో స్టేషన్లో ఓ బెంచీ. సూటూ టైతో ఓ పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చుంటాడు. బ్రీఫ్‌కేసు తెరుస్తాడు. లోపల నోట్ల కట్టలు, ఎరుపూ నీలం రంగుల్లో మడిచిన కాగితం బిళ్లలు. ‘ఆడదామా?’ అంటాడు నవ్వుతూ. గెలిస్తే డబ్బు. ఓడితే... చెంప ఛెళ్లు!

2021లో ‘స్క్విడ్ గేమ్’ చూసినవాళ్లు ఆ నవ్వుని అంత తేలిగ్గా మరచిపోలేరు. కానీ కొరియన్ సీరియళ్లు ముందునుంచీ చూస్తున్నవాళ్లకి ఆ మొహం అంతకు అయిదేళ్ల ముందే పరిచయం. వాళ్ల దృష్టిలో అతను చెంపలు వాయించే మనిషి కాదు. గుండెలో కత్తి దిగబడి, 939 ఏళ్లుగా చావు కోసం ఎదురుచూస్తున్న సేనాపతి. నటుడి పేరు గాంగ్ యూ. సీరియల్ పేరు ‘గాబ్లిన్’. పూర్తి పేరు ‘గార్డియన్: ద లోన్లీ అండ్ గ్రేట్ గాడ్’. ఒంటరివాడైన గొప్ప దేవుడన్నమాట.

దెయ్యాలూ దేవతలూ ప్రేమల్లో పడే కథలు కొరియా టీవీకి కొత్తేమీ కాదు. తొమ్మిది తోకల నక్క అమ్మాయిగా మారి వచ్చింది. వేరే గ్రహం నుంచి ఊడిపడ్డవాడు సినిమా హీరోయిన్‌ని ప్రేమించాడు. దెయ్యాలు బస చేసే హోటలూ వచ్చింది. వాటిలో కొన్ని చూసి నవ్వుకుంటాం, కొన్ని సగంలో వదిలేస్తాం. ‘గాబ్లిన్’ని మాత్రం చూసినవాళ్లు మళ్లీ చూస్తారు. మొదటిసారి హీరో కోసం చూసినవాళ్లు, రెండోసారి ఇంట్లో ఎవర్నో పోగొట్టుకున్నాక చూస్తే అది వేరే సీరియల్‌లా కనిపిస్తుంది.

చీపురు కాస్తా కత్తి అయింది

ముందు కథేమిటో చూద్దాం. కొర్యో రాజ్యం కాలం. కిమ్ షిన్ ఓటమి ఎరగని సేనాపతి. యుద్ధం గెలిచి వస్తుంటే జనం అతన్ని దేవుడన్నారు. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది. కుర్ర రాజుకి అసూయ పుట్టింది. పక్కనున్న మంత్రి ఆ మంటలో నెయ్యి పోశాడు. కిమ్ షిన్ చెల్లెలు ఆ రాజుకి స్వయంగా భార్య, దేశానికి రాణి. అయినా కనికరం లేదు. చెల్లెలు పోయింది, ఇంటిల్లిపాదీ పోయారు. చివరికి అతని గుండెలో అతని కత్తే దిగింది. శవాన్ని పొలంలో పడేశారు. కత్తి అలాగే ఉంది. దాని చుట్టూ గడ్డి మొలిచింది.

ఏళ్లు గడిచాక దేవుడు అతన్ని లేపాడు. కానీ బతికించింది వరంగా కాదు. ‘నీ కత్తికి అంటిన నెత్తురు నీకు శత్రువులది కావచ్చు, వాళ్లూ నా బిడ్డలే’ అన్నట్టు ఓ శిక్ష వేశాడు. చావు లేకుండా బతకాలి. ప్రేమించిన ప్రతి మనిషి చావునీ కళ్లారా చూడాలి. ఒక్కటంటే ఒక్కటే దారి. ఆ కత్తి కంటికి కనిపించే అమ్మాయి ఎక్కడో ఒకచోట పుడుతుంది. ఆమే అతనికి పెళ్లికూతురు. ఆమె కత్తి పీకితే అతనికి విముక్తి. అంటే, చావు!

సీరియల్ అసలు పేరు ‘దొక్కేబి’. ఈ మాటకి కొరియా పల్లెల్లో ఉన్న అర్థం వేరు. మన పల్లెల్లో రాత్రిపూట పొలం గట్ల మీద కనిపిస్తుందనే కొరివి దయ్యంలాంటి వింత జీవి అది. కాకపోతే అంత భయపెట్టదు. వాడి పారేసిన చీపురుకి మనిషి నెత్తురు అంటితే దొక్కేబి అవుతుందని అక్కడి ముసలమ్మలు చెబుతారు. అది దారిన పోయేవాణ్ని ఆపి కుస్తీకి రమ్మంటుంది. బక్‌వీట్ గింజలతో చేసే జెల్లీలాంటి వంటకమంటే దానికి పడిచచ్చేంత ఇష్టం. (బక్‌వీట్ అంటే ఏదో అనుకునేరు... ఉత్తరాదిన ఉపవాసాల్లో వాడే కుట్టు పిండి ఉంది చూశారూ, ఆ గింజే.)

రచయిత్రి కిమ్ ఉన్-సూక్ చేసిన పనల్లా చీపురు స్థానంలో కత్తి పెట్టడం. నెత్తురు అంటిన పాత వస్తువు అన్నది అలాగే ఉంచింది. బక్‌వీట్‌నీ వదల్లేదు. దాన్ని వంటింట్లోంచి పొలంలోకి తెచ్చి, తెల్లటి పూల చేనుగా మార్చింది. హీరో మొదటిసారి హీరోయిన్‌కి ఇచ్చే పూలు అవే. కత్తి దిగిన శరీరం పడి ఉన్న చేనూ అదే. నానమ్మ చెప్పిన నవ్వుల కథలోంచి గుండె మెలిపెట్టే కథ తీయడమంటే ఇదీ.

చావులేని మనిషి కథ వినగానే తెలుగిళ్లలో ఓ పేరు చటుక్కున తడుతుంది. అశ్వత్థామ! నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసినందుకు నుదుటి మణి పోగొట్టుకుని, మానని గాయంతో 3000 ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడి శాపం పొందినవాడు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’లో అమితాబ్ బచ్చన్‌ని ఆ వేషంలో చూసి పిల్లలు కూడా ‘చావకపోవడం శిక్షేంటి?’ అని అడిగారు. మంచి ప్రశ్నే! కొరియా రచయిత్రి మన భారతం చదివి రాసిందని కాదు. రెండు కథల్లోనూ శిక్ష మాత్రం ఒకటే. చావు తప్పించడం వరమని మనం అనుకుంటాం. ఎవరి చావునీ తప్పించలేకపోవడంలో ఉన్న బాధ, చావులేనివాడికే తెలుస్తుంది.

తేడా ఒక్కటే. అశ్వత్థామకి ఇల్లు లేదు. కిమ్ షిన్‌కి ఓ కుటుంబం ఉంది. కొర్యో కాలంలో అతన్ని నమ్ముకున్న ముసలి సేవకుడు తన మనవణ్ని అతనికి అప్పగించి పోయాడు. అప్పట్నుంచీ ఆ వంశం తరతరాలుగా అతన్ని కనిపెట్టుకుని ఉంటోంది. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద ఓ కంపెనీ ఛైర్మన్. ఆయన మనవడు డొక్-హ్వాకి క్రెడిట్ కార్డు తప్ప వేరే ధ్యాస లేదు. ఈ పిల్లాడు మొదటిసారి ఎదురైన రోజున కిమ్ షిన్ అతనికి వరస చెబుతాడు. ముందు బాబాయినవుతాను, తర్వాత అన్ననవుతాను, ఆపైన కొడుకుని, చివరికి మనవణ్నీ అవుతాను అని. నవ్వొచ్చే మాటే. రెండు క్షణాలు ఆగి ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. ఎత్తుకుని తిప్పిన పిల్లలందరూ తనకంటే ముసలివాళ్లయిపోయి, ఒక్కొక్కరే కాటికి పోతుంటే ఈయన మొహం మీద ముడత కూడా పడదు. ఆ ఛైర్మన్ తాతగారూ కథ మధ్యలోనే కన్నుమూస్తారు. ఎన్నో తరాల్ని సాగనంపినవాడు మరొకర్ని సాగనంపుతాడు.

చిత్రగుప్తుడి ఆఫీసు

ఇలా చెప్పుకుంటూ పోతే ఇదేదో ఏడుపుగొట్టు సీరియల్ అనుకుంటారు. సగానికి సగం కామెడీ! దానికి కారణం రెండో కథానాయకుడు. అతనో యమభటుడు. లీ డాంగ్-ఊక్ వేశాడు. పాలిపోయిన మొహం, నల్ల సూటు, నల్ల టోపీ. టోపీ పెట్టుకుంటే ఎవరికీ కనిపించడు. డొక్-హ్వా చేసిన నిర్వాకంతో కిమ్ షిన్ ఇంట్లోనే అద్దెకి దిగుతాడు. ఇక చూడండి... చావులేనివాడూ, చావు తెచ్చేవాడూ ఒకే వంటింట్లో చాకులూ ఫోర్కులూ గాల్లోకి లేపి కొట్టుకుంటుంటారు.

ఆపదలో ఉన్న హీరోయిన్ కోసం పొగమంచులోంచి ఇద్దరూ మోడళ్లలా నడిచొచ్చే సీను ఒకటుంది. ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాతెప్పుడో సరిగ్గా అదే నడకతో, అదే పొగమంచులోంచి మళ్లీ వస్తారు. ఈసారి వాళ్ల చేతుల్లో ఉల్లికాడల సంచులు! బజారునుంచి కూరగాయలు తెస్తున్నారు మరి.

యముణ్ని ఆటపట్టించడంలో తెలుగువాళ్లకి మించినవాళ్లు లేరు. 1977లో ‘యమగోల’తో మొదలుపెట్టి ‘యముడికి మొగుడు’, ‘యమలీల’, ‘యమదొంగ’ దాకా యమలోకాన్ని ఓ గవర్నమెంటు ఆఫీసు చేసి పెట్టాం. చిట్టాలో పేజీ చిరిగిందనో, పొరపాటున వేరేవాణ్ని తెచ్చారనో ఎన్ని కథలు! కొరియా యమభటులదీ అదే బతుకు. చేతికి పేర్ల కార్డులు వస్తాయి. కార్డు మీద ఉన్న వేళకి వెళ్లి మనిషిని తీసుకురావాలి. లెక్క తప్పితే పై అధికారికి సంజాయిషీ రాయాలి. హీరోయిన్ జి ఉన్-తక్ అసలు ఆ లెక్కల్లో తప్పిపోయిన ప్రాణమే. ఆమె కడుపులో ఉండగా తల్లిని మంచు కురిసే రాత్రి ఓ కారు గుద్ది వెళ్లిపోయింది. ఆ రాత్రి కార్డుల ప్రకారం తల్లీబిడ్డా పోవాలి. దారిన పోతున్న కిమ్ షిన్ మనసు కరిగి కాపాడేశాడు. అప్పట్నుంచీ యమభటుడి ఫైలు మూతపడలేదు.

అయితే మన యముడు గదతో బెదిరిస్తాడు. ఈ యమభటుడు టీ ఇస్తాడు. ఈ సీరియల్ ప్రాణమంతా ఆ టీ గదిలోనే ఉంది.

గోడల నిండా అరల్లో కప్పులు. మధ్యలో పొడుగాటి బల్ల. పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. ఆయన మర్యాదగా ఓ కప్పు ముందు పెడతాడు. అది తాగితే ఈ జన్మలో సంగతులన్నీ మరచిపోతారు. అదొక దయ అంటాడతను. అక్కడికి ఓ అంధుడు వస్తాడు. చచ్చిపోయాక చూపు వచ్చింది. ఇప్పుడు ఎటు వెళ్లాలి అంటే, తలుపు దగ్గర ఓ కుక్క కాచుకుని ఉంటుంది. బతికున్నప్పుడు అతనికి దారి చూపించిన కుక్క. అతనికంటే ముందే పోయింది. ఇప్పుడు మళ్లీ దారి చూపించడానికి వచ్చింది. అంతే సీను. రెండు నిమిషాలుండదేమో! ఆ కుక్క మొహం అతను మొదటిసారి చూస్తాడు.

ఎదురుగా కూర్చుని టీ పోసే యమభటుడికి మాత్రం తనెవరో తెలియదు. పేరు కూడా లేదు. సన్నీ అనే అమ్మాయి పేరు అడిగితే తత్తరపడి ఓ సినిమా హీరో పేరు చెప్పేస్తాడు. పోయిన జన్మలో పెద్ద పాపం చేసినవాళ్లే యమభటులవుతారట. శిక్షగా జ్ఞాపకాలన్నీ తుడిచేస్తారట. కిమ్ షిన్ ఇంట్లో ఉన్న ఓ పాత బొమ్మలో రాణిని చూడగానే ఎందుకో తెలియకుండానే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆమె కిమ్ షిన్ చెల్లెలు. మరి ఇతనెవరు? అది చూసేవాళ్లకి ముందే అర్థమవుతుంది. ఆ ఇద్దరికీ అర్థం కావడానికే ఆలస్యం.

ఒకడు 939 ఏళ్లుగా ఒక్క మొహాన్నీ మరచిపోలేక కుళ్లుతున్నాడు. ఒకడు ఒక్క మొహమూ గుర్తురాక కుళ్లుతున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటున్నారు. సీరియల్లో హీరో హీరోయిన్ల ప్రేమకంటే ఈ ఇద్దరు మగవాళ్ల స్నేహమే గొప్పగా ఉందనేవాళ్లు బోలెడుమంది. తప్పేమీ లేదు.

ఇంట్లో ఒకరు పోయాక ఈ గొడవ ఏ దేశంలోనైనా ఉండేదే. ఫోన్లో ఆ నంబరు తీసెయ్యాలా, ఉంచాలా? బీరువాలో ఆ చీరలు ఎవరికైనా ఇచ్చెయ్యాలా? ‘మరచిపోతేనే మనసు కుదుటపడుతుంది’ అని ఒకరంటారు. ‘అప్పుడే మరచిపోయావా’ అని ఇంకొకరు నొచ్చుకుంటారు. మనం తద్దినం పెడతాం. కొరియా ఇళ్లలోనూ పెద్దలు పోయిన రోజున ‘జెసా’ అని చేస్తారు. పోయినవాళ్ల కోసం వడ్డించిన అన్నం గిన్నెలో చెంచా నిలబెడతారు, వచ్చి తింటారని. అలాంటి ఇళ్లలోకి ఈ సీరియల్ వచ్చి, యమభటుడి చేత ఓ టీ కప్పు పెట్టించి, ‘మరచిపోతారా?’ అని అడిగింది. ఫాంటసీ అన్నది పేరుకే!

పత్తి పూల గుత్తి

కొరియావాళ్లకి పిల్లల్ని ప్రసాదించే ఓ దేవత ఉంది. సామ్‌షిన్ అవ్వ. కడుపులోంచి బయటికి పోవే అని ఆ అవ్వ పిర్ర మీద ఒక్కటిస్తుందట. పసిపిల్లల నడుం దగ్గర కనిపించే నీలి మచ్చ ఆ దెబ్బే అంటారు. సీరియల్లో ఈ అవ్వ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతూ కనిపిస్తుంది. తొమ్మిదేళ్లకే తల్లిని పోగొట్టుకుని, ఇన్సూరెన్సు డబ్బు కోసం రాచిరంపాన పెట్టే పిన్ని ఇంట్లో పెరుగుతున్న ఉన్-తక్‌ని దూరంనుంచి కనిపెట్టుకుని ఉంటుంది.

ఉన్-తక్ స్కూలు చదువు ముగిసే రోజు వస్తుంది. కొరియాలో అదో పండగ. అందరి తల్లిదండ్రులూ పూలగుత్తులతో వచ్చి ఫొటోలు దిగుతుంటారు. ఈ పిల్ల కోసం ఎవరూ రారు. అప్పుడు ఎర్రటి దుస్తుల్లో ఓ అందమైన స్త్రీ తరగతిలోకి నడిచొస్తుంది. అవ్వే! వచ్చి గట్టిగా కౌగిలించుకుంటుంది. చేతిలో పూలగుత్తి పెడుతుంది. గులాబీలు కాదు, పత్తి కాయలు. విచ్చుకున్న తెల్లటి పత్తి. తర్వాత, ఆ పిల్లని ఏళ్లకేళ్లు చిన్నచూపు చూసిన టీచరమ్మ వైపు తిరిగి, ఇంకాస్త మంచి టీచరువి కాలేకపోయావా అన్నట్టు ఒక్కమాట అంటుంది. ఆ టీచరుకి ఎందుకో తెలియకుండానే ఏడుపు ముంచుకొస్తుంది.

పత్తి అంటే అమ్మ ప్రేమ అని అక్కడ పూలకి చెప్పుకునే అర్థం. ఆ ఎపిసోడు వచ్చాక కొరియాలో స్కూలు వీడ్కోలు రోజుల్లో పత్తి గుత్తులకి గిరాకీ పెరిగింది. గుంటూరులోనో వరంగల్లోనో పత్తి చేల మధ్య పెరిగినవాళ్లకి ఇది చూస్తే విచిత్రంగా ఉంటుంది. మన దగ్గర పత్తి అంటే ధర, తేమ శాతం, గులాబీ రంగు పురుగు. సియోల్‌లో ఓ తల్లిలేని పిల్ల చేతికి అది పూలగుత్తి అయింది.

ఇలాంటివే ఇంకో రెండు. తూర్పు తీరాన గాంగ్నంగ్ నగరం దగ్గర జుముంజిన్ అనే చోట సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ఓ రాతి గట్టు ఉంది. పుట్టినరోజున చిన్న కేకు పట్టుకుని ఉన్-తక్ ఒక్కతే అక్కడ కూర్చుని, పార్ట్‌టైం ఉద్యోగం కావాలని, పిన్ని కుటుంబాన్ని ఏదో ఒకటి చెయ్యమని, ఓ బాయ్‌ఫ్రెండ్‌ని ఇమ్మని దేవుణ్ని అడిగి కొవ్వొత్తి ఊదుతుంది. ఊదగానే కిమ్ షిన్ ప్రత్యక్షం! చేతిలో బక్‌వీట్ పూలు. ఆ గట్టు మీద ఫొటో కోసం జనం వరసలో నిలబడ్డారు, మెడకి ఎర్ర మఫ్లరు చుట్టుకుని మరీ. ఇక కెనడాలోని క్యుబెక్ నగరంలో ఓ పాత వీధిలో ఉన్న ఎర్ర తలుపుది ఇంకో కథ. సీరియల్లో ఆ తలుపు తోస్తే కొరియా నుంచి కెనడాలో తేలతారు. పర్యాటకులు వెళ్లి ఆ తలుపు ముందు నిలబడి తోస్తున్నట్టు ఫొటోలు దిగారు. తెరుచుకున్నట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు!

లోపాలూ ఉన్నాయి

రచయిత్రి కిమ్ ఉన్-సూక్ చిన్న పేరేమీ కాదు. 2004లో ‘లవర్స్ ఇన్ ప్యారిస్’, 2010లో ‘సీక్రెట్ గార్డెన్’, 2016లోనే ‘డిసెండెంట్స్ ఆఫ్ ద సన్’ రాసింది. తర్వాత ‘మిస్టర్ సన్‌షైన్’, ‘ద గ్లోరీ’. గాంగ్ యూని తన కథలోకి రప్పించడానికి ఆమెకి అయిదేళ్లు పట్టిందట. లీ ఉంగ్-బొక్ దర్శకత్వంలో 2016 డిసెంబరు 2 నుంచి 2017 జనవరి 21 వరకు టీవీఎన్ అనే కేబుల్ ఛానల్లో శుక్ర, శనివారాలు 16 భాగాలుగా వచ్చింది. అధ్యక్షురాలు పార్క్ గున్-హే దిగిపోవాలంటూ సియోల్‌లో జనం కొవ్వొత్తులతో శనివారాలు వీధుల్లోకి వస్తున్న శీతాకాలం అది. అంతటి హడావిడిలోనూ చివరి భాగం రేటింగు 20 శాతం దాటింది. కొరియాలో కేబుల్ డ్రామాకి అది మొదటిసారి. ఆ రికార్డుని తర్వాత వేరే సీరియళ్లు దాటేశాయనుకోండి. 2017 బెక్‌సాంగ్ అవార్డుల్లో గాంగ్ యూకి ఉత్తమ నటుడు, టీవీ విభాగంలో అన్నిటికంటే పెద్దదైన అవార్డు రచయిత్రికి వచ్చాయి. నటీనటుల్ని కాదని కలం పట్టినవాళ్లకి ఆ గౌరవం ఇవ్వడం మన దగ్గర ఊహించగలమా?

అంతమాత్రాన అన్నీ మెచ్చుకోవాలనేం లేదు. ఉన్-తక్ కొరియా లెక్కలో పంతొమ్మిదేళ్ల స్కూలు పిల్ల. హీరో వయసు కథలో 939 అయితే, నటుడు హీరోయిన్ కిమ్ గో-ఉన్ కంటే 12 ఏళ్లు పెద్ద. స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల ‘నేను నీ పెళ్లికూతుర్ని’ అంటూ వెంటపడటం కొరియాలోనే చాలామందికి రుచించలేదు. ఎదిగే ఆడపిల్లలతో కలిసి చూసే అమ్మానాన్నలకీ అక్కడ కాస్త ఇబ్బందే. రచయిత్రికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది, ప్రేమని చాలాసేపు పోట్లాటల్లోనే ఉంచి, అసలు ముడిని హీరోయిన్ పెద్దయ్యాకే వేసింది. ఇక ప్రకటనలు! కాఫీ, శీతల పానీయం, ఫర్నిచరు... 900 ఏళ్ల దేవుడు కూడా స్పాన్సరుకి లొంగక తప్పలేదు. నడక నెమ్మది. భాగం గంట దాటుతుంది. నడిమధ్యలో ఒకటి రెండు భాగాలు కూరలు తరుక్కుంటూ చూసినా నష్టమేమీ లేదు.

మన దేశంలో ఈ సీరియళ్లకి ఊపు వచ్చింది లాక్‌డౌన్‌లో. 2019తో పోలిస్తే 2020లో భారతదేశంలో కొరియన్ డ్రామాలు చూడటం 370 శాతానికి పైగా పెరిగిందని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. పిల్లలు మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న అమ్మలకి సబ్‌టైటిళ్లు చదవడం విసుగే. కానీ వియ్యాలవారి కుట్రలు లేని సీరియల్ ఒకటుందని తెలిశాక కళ్లజోడు వెతుక్కున్నారు. పైగా పునర్జన్మ గురించి వాళ్లకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1964లో ‘మూగమనసులు’ చూసినవాళ్లకీ, 2009లో ‘మగధీర’ చూసినవాళ్లకీ పోయిన జన్మ అంటే పక్క వీధంత దగ్గర. ‘గాబ్లిన్’లో మనిషికి నాలుగే జన్మలు. విత్తడానికొకటి, నీళ్లు పెట్టడానికొకటి, కోతకొకటి, పండింది అనుభవించడానికొకటి. రైతు లెక్క. మన లెక్కలేనన్ని జన్మలకంటే ఇది కాస్త పొదుపు. అందుకేనేమో, ఒక్క జన్మ వృథా అయినా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ నోటు పుస్తకం

సీరియల్ చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. ఇక్కడినుంచి చెప్పేది చివరి కథ.

కత్తి పీకితే అతను పోతాడు. పీకకపోతే ఆమె ప్రాణానికి ఒకదాని వెంట ఒకటి గండాలు. అతను చావు కోసం 900 ఏళ్లు ఎదురుచూశాడు. తీరా చావు చేతికందేసరికి బతకాలనిపించింది. చివరికి శత్రువుని చంపడానికి కత్తి బయటికి రాక తప్పలేదు. అతను బూడిదై గాల్లో కలిసిపోతాడు. అతనితోపాటే అతని జ్ఞాపకమూ అందరి మనసుల్లోంచి చెరిగిపోతుంటుంది. వానలో కూర్చుని ఉన్-తక్ నోటు పుస్తకంలో గబగబా రాసుకుంటుంది. అతని పేరు. అతను పొడుగని. బాధగా ఉంటే వాన కురిపిస్తాడని. మరచిపోకూడదని. రాస్తుండగానే చేయి ఆగుతుంది. ఎందుకు ఏడుస్తోందో తనకే తెలియదు. ఎదురుగా తన చేతిరాతే. ఎవరి గురించో తెలియదు.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవారెవరైనా ఈ సీను దగ్గర తలతిప్పుకుంటారు.

తొమ్మిదేళ్లు. రేడియోలో పని చేస్తున్న ఉన్-తక్ ఓ రోజు కేకు మీద కొవ్వొత్తి ఊదుతుంది, పక్కన ఎవరూ లేకుండా. అతను వస్తాడు. ఆమె గుర్తుపట్టదు. గుర్తురావడానికి ఇంకొంచెం సమయం పడుతుంది, అది చూసి తెలుసుకోవాల్సిందే. మరోపక్క సన్నీ సంగతి. యమభటుడు ఆనాటి రాజే. సన్నీ ఆనాటి రాణే. తెలిశాక ఏమవుతుందనుకుంటాం? కథల్లో అయితే గతం గతః అని కలిసిపోతారు. సన్నీ కలవదు. అన్నని చంపినవాణ్ని ఈ జన్మలో క్షమించలేనని వెళ్లిపోతుంది. ప్రేమ లేక కాదు. యూ ఇన్-నా ఆ వీడ్కోలు చెప్పిన తీరు ఈ సీరియల్లోకెల్లా గట్టి నటన. హీరోయిన్‌కంటే ఈ పాత్ర ముందు నిలబడేది ఇక్కడే.

పెళ్లయింది. ఇక అంతా మంచే అనుకుంటుండగా, ఏటవాలు రోడ్డు మీద బ్రేకులు పట్టని ఓ లారీ, కింద కిండర్‌గార్టెన్ పిల్లలున్న బస్సు. మధ్యలో ఉన్-తక్ కారు. ఆమె తప్పుకోవచ్చు. తప్పుకోదు. దేవుడు వేసిన లెక్కలో లేని చావు ఇది, మనిషి తనంతట తాను ఎంచుకున్నది.

తర్వాత టీ గది. ఇన్నేళ్లుగా అన్నలా కనిపెట్టుకున్న యమభటుడే ఆమె ఎదురుగా కూర్చుంటాడు. అలవాటు ప్రకారం కప్పు ముందుకి జరుపుతాడు. ఆమె దాన్ని చూస్తుంది. తలుపు దగ్గర కిమ్ షిన్ చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మళ్లీ వస్తాననీ, ఈసారి ఎక్కువ రోజులు ఉండేలా పరుగెత్తుకుంటూ వస్తాననీ అతనికి చెప్పి వెళ్లిపోతుంది.

టీ కప్పు బల్ల మీద అలాగే ఉంది. ఒక్క గుక్క కూడా తాగలేదు.